ఆటలో మెలిపడిన మోకాలు – నూనె రాయకముందు తెలుసుకోవలసినవి

కబడ్డీ ఆడుతున్న కుర్రవాడు కూతకు వెళతాడు. ఎదుటి జట్టువారు మడమ పట్టుకుంటారు. విడిపించుకొని గీత వైపు దూకాలని ఒక్కసారిగా వెనుదిరుగుతాడు. పాదం నేలను పట్టుకొనే ఉంటుంది, శరీరం మాత్రం తిరుగుతుంది. మోకాటిలో ‘టప్’మని ఏదో తెగినట్లు అవుతుంది. స్నేహితులు ఇద్దరు చెరొక భుజం పట్టి ఇంటికి చేరుస్తారు. ఇక ఇంట్లో అవ్వ నువ్వులనూనె వెచ్చచేస్తుంది. తల్లి చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి పట్టు వేయడానికి సిద్ధపడుతుంది. తండ్రి పుత్తూరు వెళ్లే బస్సు ఎప్పుడున్నదో కనుక్కుంటాడు. కర్నూలు, కడప ప్రాంతాల మధ్యతరగతి కుటుంబాలలో ఇది తరచుగా జరిగేదే. ఈ మూడింటికీ మన వైద్య సంప్రదాయంలో చోటు ఉన్నది. కాని దెబ్బ తగిలిన మొదటి గంటలలో ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు.

మరొక సంగతి. అటువంటి సమయంలో పెద్దలందరూ అడిగే ప్రశ్న ఒక్కటే – “ఎముక విరిగిందా?” ఎక్స్‌రే తీయిస్తారు. అందులో ఎముక బాగానే ఉన్నదని తేలగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. “ఏమీ లేదు, నరం పట్టింది, అంతే” అనుకొని నాలుగు రోజులు మర్దన చేసి మళ్లీ మైదానానికి పంపుతారు. ఆటలలో మోకాటికి కలిగే పెద్ద నష్టం చాలాసార్లు ఎముకకు కాదు, ఎముకలను కట్టిపట్టి ఉంచే బంధనాలకు. ఆ బంధనాలు ఎక్స్‌రేలో కనిపించవు.

జానుసంధి – దాని కట్టుబాట్లు

తొడ ఎముక, పిక్క ఎముక ఒకదానిపై ఒకటి నిలబడే చోటు మోకాలు. తుంటిలో వలె ఇక్కడ లోతైన గిన్నె ఏదీ లేదు. దాదాపు బల్లపరుపుగా ఉన్న పీటపై రెండు గుండ్రని గుబ్బలు నిలిచినట్లు ఉంటుంది. అవి జారిపోకుండా పట్టి ఉంచేవి నాలుగు ముఖ్యమైన బంధనాలు, అనగా లిగమెంట్లు. ఇరుపక్కల రెండు ఉంటాయి. కీలు లోపల కత్తెర వలె ఒకదానినొకటి దాటుతూ ముందరిది, వెనుకటిది అని మరి రెండు ఉంటాయి. రెండు ఎముకల నడుమ నెలవంక ఆకారంలో రెండు మెత్తలు ఉంటాయి. వీటిని మెనిస్కస్ అంటారు. దూకినప్పుడు పడే బరువును ఇవే పంచుకుంటాయి. ముందువైపున మోకాటి చిప్ప తొడ కండరపు తాడులో ఇమిడి ఉంటుంది.

సుశ్రుతాచార్యుడు శారీరస్థానంలో ఈ బంధనాలను స్నాయువులన్నాడు. పలకలతో చేసిన పడవ తాళ్లతో గట్టిగా బిగించినప్పుడే నీటిపై బరువు మోయగలిగినట్లు, సంధులు స్నాయువులచేత బంధింపబడి ఉన్నందువలననే మానవుడు భారం మోయగలుగుతున్నాడని ఆయన పోలిక. అంతటితో ఆగక, ఎముకలు గాని, కండరాలు గాని, సిరలు గాని దెబ్బతిన్నప్పటి కంటె స్నాయువు దెబ్బతిన్నప్పుడు మనిషికి ఎక్కువ హాని కలుగుతుందని కూడ చెప్పాడు. ఎక్స్‌రే చూసి తృప్తిపడే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. 107 మర్మస్థానాలను లెక్కించినప్పుడు ఆయన జానువును వైకల్యకర మర్మాలలో చేర్చాడు. దానికి దెబ్బ తగిలితే ప్రాణం పోదు, కాని కుంటితనం మిగులుతుందని దాని భావం.

చప్పుడు, వాపు, గడియారం

మోకాటిలో ఏది తెగినదో ఇంట్లోనే నిశ్చయంగా తేల్చలేము. అయినా ఇంటివారు గమనించి చెప్పగల సంగతులు కొన్ని ఉన్నాయి. వైద్యునికి అవి ఎక్స్‌రే కంటె ఎక్కువ ఉపయోగపడతాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది వాపు వచ్చిన సమయం. దెబ్బ తగిలిన రెండు గంటల లోపలనే మోకాలు గుమ్మడికాయ వలె ఉబ్బినదంటే కీలు లోపల రక్తం చేరుతున్నదని అర్థం. ఆటలో మెలిపడి ఇట్లా రక్తం నిండిన మోకాళ్లలో ఎక్కువ భాగం లోపలి ముందరి బంధనం తెగినవే. ‘టప్’మన్న చప్పుడు, వెంటనే ఆట ఆపివేయవలసి రావడం, గంటలో వాపు – ఈ మూడూ కలిసి ఉంటే మరునాటి వరకు ఆగవద్దు. అట్లా కాక రాత్రి నిద్రపోయి లేచేసరికి మెల్లగా నీరు చేరినట్లు ఉబ్బితే, నెలవంక మెత్త చిరిగి ఉండవచ్చు. ఈ మెత్త చిరిగినవారు మెట్లు దిగేటప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు కీలులో చురుక్కుమన్నదని చెబుతారు. చిరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుంటే మోకాలు వంగిన స్థితిలోనే ఆగిపోయి చాచడానికి రాదు. దానిని బలవంతంగా లాగి సరిచేయాలని ప్రయత్నించరాదు. తలుపు సందులో గుడ్డ ఇరుక్కున్నప్పుడు తలుపును గట్టిగా తోసినట్లే అవుతుంది.

లోపలివైపు పక్క బంధనం సాగినప్పుడు కీలు నిండా వాపు ఉండదు. నొప్పి ఒక్క పక్కనే, వేలు పెట్టి చూపగలిగిన చోట ఉంటుంది. ఇది కొంత అదృష్టం. ఎందుకంటే ఈ బంధనానికి రక్తప్రసారం బాగుంటుంది. కట్టు, విశ్రాంతి, వ్యాయామాలతో చాలామందికి కొన్ని వారాలలో శస్త్రచికిత్స లేకుండనే మానుతుంది. లోపలి ముందరి బంధనం పూర్తిగా తెగితే అంత సులభంగా అతుక్కోదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ముందరి బంధనం తెగినవారికి సైతం రెండు మూడు వారాలలో వాపు తీసి, నొప్పి తగ్గి, సమతలంపై నడక వచ్చేస్తుంది. ఆ రోజులలో ఏ తైలం రాసి ఉంటే ఆ తైలానికి, ఏ కట్టు కట్టి ఉంటే ఆ కట్టుకు పేరు వస్తుంది. పిల్లవాడు మళ్లీ ఆడతాడు. పరుగులో దిశ మార్చగానే మోకాలు ‘జారిపోయినట్లు’ అవుతుంది. అట్లా జారిన ప్రతిసారీ లోపలి మెత్తలు, మృదులాస్థి నలుగుతాయి. యాభై ఏళ్లకు రావలసిన సంధివాతం ముప్పై ఏళ్లకే రావడానికి ఇది ఒక పెద్ద కారణం. నొప్పి తగ్గినంత మాత్రాన మోకాలు బాగుపడినట్లు కాదు.

సరిగా గుర్తించి చికిత్స చేయించుకుంటే ఆట ముగిసిపోదనడానికి మన తెలుగువాడే నిదర్శనం. ప్రకాశం జిల్లాలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో పూణే జాతీయ క్రీడలలో జంటల పోటీ ఆడుతుండగా మోకాటి బంధనం తెగింది. శస్త్రచికిత్సలు జరిగాయి, ఆటకు దూరంగా ఉండి మళ్లీ కండరాలు బలపరచుకోవలసి వచ్చింది. అదే ఆటగాడు 2001 మార్చిలో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యాడు. సైనా నెహ్వాల్ సైతం 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాటి బాధతోనే ఆడి ఓడిపోయి, ఆ వెంటనే శస్త్రచికిత్స చేయించుకొని, మరుసటి ఏడాది ప్రపంచ పోటీలలో కాంస్యం గెలిచింది. వీరికి లభించిన వసతులు జమ్మలమడుగు కుర్రవానికో, ఆదోని అమ్మాయికో అంత సులభంగా దొరకవు. నిజమే. అందువలననే మొదటి రోజులలో పొరపాటు జరగకుండా చూసుకోవడం మనకు ఇంకా అవసరం.

మొదటి మూడు రోజులు

ఆట వెంటనే ఆపాలి. “కొంచెం నడిచి చూడరా, సర్దుకుంటుంది” అని నడిపించడం మంచిది కాదు. పడుకోబెట్టి కాలి కింద రెండు దిండ్లు పెట్టి, మోకాలు గుండె కంటె ఎత్తుగా ఉండేటట్లు చూడాలి. మంచుముక్కలను పలుచని తువ్వాలులో మూటగట్టి పదిహేను, ఇరవై నిమిషాలు మోకాటిపై ఉంచి తీసివేయాలి. రెండు మూడు గంటలకొకసారి ఇట్లా మొదటి రెండు రోజులు చేయాలి. మంచును నేరుగా చర్మంపై పెడితే చర్మం కమిలిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే కుండనీళ్లలో ముంచిన గుడ్డను మాటిమాటికీ మారుస్తూ వేయవచ్చు. మన ఎండలలో గాలికి చల్లబడిన కుండనీరు తక్కువదేమీ కాదు. చల్లదనం నొప్పిని, ఉబ్బును అదుపులో ఉంచుతుంది. తెగినదానిని అతికించే శక్తి దానికి లేదు.

చల్లని చికిత్స అనగానే ఇది ఇంగ్లీషు వైద్యం అనుకునే పెద్దలున్నారు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో భగ్నచికిత్స చెప్పిన చోట మర్రి మొదలైన చెట్ల బెరళ్ల కషాయాన్ని బాగా చల్లార్చి దెబ్బతిన్న భాగంపై ధారగా పోయమని ఉన్నది. మంజిష్ఠ, యష్టిమధుకం, రక్తచందనం, బియ్యపు పిండి, నూరుసార్లు కడిగిన నేయి కలిపిన చలువ లేపనం కూడ అక్కడే చెప్పబడింది. అభిఘాతం వలన రక్తం, పిత్తం ప్రకోపించి ఉన్నప్పుడు ఉష్ణోపచారం చేస్తే వాపు పెరుగుతుందన్నది ఆయుర్వేద దృష్టి. ఆధునికులు చెప్పేదీ అదే. వేడి తగిలితే రక్తనాళాలు విప్పారి లోపలి రక్తస్రావం ఎక్కువవుతుంది. కాబట్టి మొదటి మూడు రోజులు కాపడం వద్దు, వేడి పట్టు వద్దు, వేడినీటి స్నానంలో మోకాలు తడపడం వద్దు. మర్దన అసలే వద్దు. మైదానంలో పక్కవారు కాలు పట్టి గుంజి ‘నరం సరిచేయడం’ అన్నిటికంటె ప్రమాదకరం.

సాగే క్రేప్ కట్టును పిక్క మధ్య నుండి తొడ మధ్య వరకు చుట్టాలి. దీని విషయంలోనూ సుశ్రుతుని హెచ్చరిక సరిపోతుంది. వదులుగా కట్టితే సంధి నిలకడగా ఉండదు, మరీ బిగిస్తే చర్మం వాచి పుండవుతుంది. కట్టిన తరువాత కాలి బొటనవ్రేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు క్షణాలలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే కట్టు విప్పాలి. రాత్రి పడుకునే ముందు కట్టు సడలించాలి. ఉష్ణకాలంలో కట్టును మూడు రోజులకొకసారి, సాధారణ కాలంలో ఐదు రోజులకు, చలికాలంలో ఏడు రోజులకు విప్పి కట్టమని సంహితలో ఉన్నది. మన మే నెల ఎండలలో నెలరోజులు విప్పకుండా ఉంచే కట్లు చూసినప్పుడు ఈ నియమం ఎవరూ చదివినట్లు తోచదు.

పుత్తూరు సంగతి కూడ చెప్పుకోవాలి. తిరుపతి దాటి ఉన్న ఆ ఊరి కట్టుకు రాయలసీమ అంతటా పేరున్నది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు వాడే ఆ పద్ధతిని తక్కువచేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. కాని ఆ పేరు వచ్చినది ఎముకల విషయంలో. కీలు లోపల తెగిన బంధనాన్ని పైనుండి కట్టే ఏ కట్టూ చేరుకోలేదు, అది పుత్తూరుదైనా, ఆసుపత్రి పిండికట్టైనా. పైగా ఉబ్బిన మోకాలితో కర్నూలు నుండి రాత్రంతా బస్సులో కూర్చొని ప్రయాణం చేయడమే ఒక బాధ. ముందుగా దగ్గరలోని ఎముకల వైద్యునికి చూపాలి. కర్నూలు వైద్యకళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోను, రిమ్స్ అని పిలుచుకునే కడప ప్రభుత్వ ఆసుపత్రిలోను ఎముకల విభాగాలున్నాయి. వైద్యుడు చేతితో కీలును కదిపి బంధనాల బిగువు పరీక్షిస్తాడు. వాపు ఎక్కువగా ఉంటే ఆ రోజు పరీక్ష సరిగా కుదరదు. పది రోజుల తరువాత రమ్మంటే తప్పక మళ్లీ వెళ్లండి. నొప్పి తగ్గిందని మానేసేది ఆ రెండవ పరీక్షనే! అవసరమైతే ఎం.ఆర్.ఐ. చిత్రం తీయిస్తారు. బంధనాలు, మెత్తలు అందులో కనిపిస్తాయి.

నాలుగు అడుగులు కూడ వేయలేకపోవడం, మోకాలును లంబకోణం వరకు వంచలేకపోవడం, చిప్పపై గాని మోకాటికి కొంచెం దిగువ వెలుపలి పక్కనున్న ఎముక బొడిపెపై గాని నొక్కితే భరించలేని నొప్పి – వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఎక్స్‌రే అవసరం. చిప్ప పక్కకు జరిగి కనిపించినా, కాలు వంకర తిరిగినా, పాదం చల్లబడినా గంట కూడ ఆలస్యం చేయరాదు. జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడి కాలిపోతూ ఉంటే అది బెణుకు కాదు. కీలులో చీము పట్టే అవకాశం ఉన్నది కనుక గృహవైద్యం మాని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చిన్న దెబ్బకే తరచు మోకాలు ఉబ్బే మగపిల్లలకు రక్తం గడ్డకట్టే గుణం సరిగా ఉన్నదా అని పరీక్ష చేయించాలి.

ఎదిగే పిల్లల విషయంలో మరి రెండు మాటలు. పన్నెండు నుండి పదిహేనేళ్ల వయసులో బాగా పరుగెత్తే పిల్లలకు చిప్ప కింద ఎముక బొడిపె లేచి, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. ఇది ఎదుగుదలకు సంబంధించినది. ఆట తగ్గించి, తొడ కండరాలు సాగదీసే వ్యాయామాలు చేయిస్తే ఎదుగుదల పూర్తయ్యేసరికి పోతుంది. రెండవది, తుంటిలో దోషం ఉన్నప్పుడు పిల్లలు మోకాలు నొప్పి అని చెబుతారు. మోకాటిలో ఏమీ కనిపించక, నడకలో కుంటు ఉంటే తుంటిని కూడ పరీక్షించమని అడగాలి. ఆటతో సంబంధం లేకుండా రాత్రిపూట నిద్రలేపే నొప్పి వారాల తరబడి ఉంటే అశ్రద్ధ చేయరాదు.

పట్లు, తైలాలు ఎప్పుడు?

మూడు నాలుగు రోజులు గడిచి, వాపు మెత్తబడి, చేయి పెట్టి చూస్తే రెండవ మోకాటి కంటె వేడిగా లేకపోతే అప్పుడు మన ఇంటివైద్యానికి అదను వస్తుంది. వైద్యుడు చూసి, లోపల పెద్ద దెబ్బ లేదని చెప్పిన మోకాటికే ఇవి అని మరువరాదు.

వావిలాకు రెండు గుప్పెళ్లు నీటిలో మరిగించి, ఆ నీటిలో గుడ్డ ముంచి పిండి గోరువెచ్చగా పది నిమిషాలు కాపడం పెట్టవచ్చు. ఆముదపు ఆకుకు కొంచెం నువ్వులనూనె రాసి పెనంపై వెచ్చచేసి కట్టడం కూడ మంచిదే. మూసాంబరాన్ని కోడిగుడ్డు తెల్లసొనలో అరగదీసి పట్టు వేయడం మన ఇళ్లలో పాత అలవాటు. ఆరినకొద్దీ అది బిగిసి తేలికపాటి కట్టు వలె పనిచేస్తుంది. చింతపండు, ఉప్పు పట్టు కూడ ఈ దశలోనే, గోరువెచ్చగా మాత్రమే వేయాలి. చర్మం గీసుకుపోయి ఉంటే ఈ పట్లేవీ వేయరాదు. పసుపు, సున్నం కలిపిన పట్టు విషయంలో జాగ్రత్త అవసరం. సున్నం పాలు ఎక్కువైతే పిల్లల లేత చర్మం బొబ్బలెక్కుతుంది. మహానారాయణ తైలం వంటివి గోరువెచ్చగా తొడ, పిక్క కండరాలకు కింది నుండి పైకి మృదువుగా రాయాలి. కీలు పైననే బొటనవేళ్లతో గుచ్చి నొక్కడం వలన ప్రయోజనం లేదు. లాక్షాది గుగ్గులు వంటి లోపలికి పుచ్చుకునే మందులు వైద్యుని సలహా లేకుండా వాడవద్దు.

నల్లేరును గురించి అడిగే పాఠకులు చాలామంది. మెట్ట ప్రాంతపు కంచెలపై అల్లుకొని ఎండకు తట్టుకొనే ఈ తీగను అస్థిసంహారకమని, ఎముక అతుకుటకు సహాయమని ఆయుర్వేదం చెబుతుంది. చేతులకు నూనె రాసుకొని లేత కణుపులు తుంచి, అంచుల నార తీసి, నువ్వులనూనెలో బాగా వేయించి, చింతపండు, మినపప్పు, ఎండుమిరపకాయలతో నూరుకుంటే రుచికరమైన పచ్చడి అవుతుంది. పచ్చిగా తింటే నోరు, గొంతు దురదపెడతాయి. తినండి, మంచిదే. తెగిన బంధనాన్ని మాత్రం ఏ పచ్చడీ అతికించదు.

కాలును కదపకుండా వారాల తరబడి ఉంచడం వలన తొడ ముందరి కండరం వేగంగా సన్నబడుతుంది. మోకాటికి అసలైన కావలివాడు ఆ కండరమే. అందుచేత వైద్యుడు అనుమతించిన వెంటనే ఒక సులభమైన వ్యాయామం మొదలుపెట్టాలి. కాలు చాచి కూర్చొని, మోకాటి కింద చుట్టిన తువ్వాలు ఉంచి, దానిని మోకాటితో కిందికి నొక్కి ఐదు నుండి పది క్షణాలు పట్టి వదలాలి. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. కొన్ని వారాల వరకు గొంతుకూర్చోవడం, బాసిపట్లు వేసుకొని కూర్చోవడం మానాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి.

మన నేల, మన ఆట

ఈ దెబ్బలు తాకిడి వలన కలిగేవి తక్కువ. ఎవరూ తాకకుండనే, ఎగిరి దిగడంలోనో పరుగు మధ్య దిశ మార్చడంలోనో కలిగేవే ఎక్కువ. బాలికలలో ఈ ముప్పు బాలుర కంటె రెట్టింపుకు పైనే ఉంటుంది. ఖో-ఖో, వాలీబాల్ ఆడే అమ్మాయిల తల్లిదండ్రులు, వ్యాయామోపాధ్యాయులు దీనిని గుర్తించాలి. మన కోవెలకుంట్ల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి వేసవిలో రాయి వలె గట్టిపడి నెరియలు విచ్చుతుంది. నెరియలో పాదం దిగబడి శరీరం తిరిగితే మోకాలే మెలిపడుతుంది. ఆటకు ముందు నెరియలు మన్నుతో పూడ్చి, రాళ్లు ఏరి, నీళ్లు చిలకరించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నాపరాళ్లు పరచిన వరండాలలో దూకుడు ఆటలు ఆడనివ్వకూడదు.

ఆటకు ముందు ఇరవై నిమిషాలు శరీరాన్ని సిద్ధం చేసుకోవడం వలన మోకాటి దెబ్బలు గణనీయంగా తగ్గుతాయని ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన పరిశీలనలలో తేలింది. మెల్లని పరుగు, ఒంటికాలిపై నిలకడ, గోడకుర్చీ, ఎగిరి మెత్తగా దిగే అభ్యాసం ఇందులో ఉంటాయి. దిగేటప్పుడు రెండు మోకాళ్లూ వంగాలి, లోపలికి ఒకదానివైపు ఒకటి వాలరాదు, చప్పుడు వినిపించరాదు. అద్దం ముందు నిలబెట్టి దూకించి చూస్తే మోకాళ్లు లోపలికి వాలుతున్నవో లేదో ఇంట్లోనే తెలుస్తుంది.

తిరిగి ఎప్పుడు ఆడవచ్చునన్నది తేదీ చూసి నిర్ణయించేది కాదు. వాపు పూర్తిగా తీసి ఉండాలి, మోకాలు రెండవదానితో సమానంగా వంగి చాచాలి. రెండు తొడల చుట్టుకొలత టేపుతో కొలిస్తే దాదాపు సమానంగా ఉండాలి. దెబ్బ తగిలిన కాలిపై ఒంటికాలితో కుంటుతూ మూడు గంతులు వేస్తే బాగున్న కాలితో వేసినంత దూరం, కనీసం పదింట తొమ్మిది వంతులు రావాలి. ముందరి బంధనానికి శస్త్రచికిత్స జరిగినవారు ఎంత బాగున్నా తొమ్మిది నెలలు నిండక మునుపు పోటీ ఆటలకు దిగరాదు. జిల్లా పోటీలు దగ్గరపడ్డాయని వ్యాయామోపాధ్యాయుడు ఒత్తిడి చేస్తే, శస్త్రవైద్యుని చీటీ తీసుకొనివెళ్లి చూపండి.